పిలిచిన ఇంజనే కదలాలి

బొమ్మ రైలుకు ఇంజన్ ఒక్కటే అయినంతకాలం దాన్ని నడపడంలో చిక్కేమీ లేదు. రెండు పట్టాలకూ 12 వోల్టుల దాకా డీసీ కరెంటు ఇస్తారు. ఒక పక్క చక్రాలు ఒక పట్టా నుంచి, రెండో పక్క చక్రాలు ఇంకో పట్టా నుంచి ఆ కరెంటు అందుకుని లోపలి మోటారుకు చేరవేస్తాయి. కంట్రోలర్ నాబ్ తిప్పి వోల్టేజి పెంచితే ఇంజన్ వేగం అందుకుంటుంది. ప్లస్, మైనస్ కొసలు తారుమారు చేస్తే వెనక్కి నడుస్తుంది. నడవడానికి కావలసిన శక్తి, ఎలా నడవాలో చెప్పే ఆజ్ఞ, రెండూ ఆ ఒక్క వోల్టేజిలోనే కలిసి ఉన్నాయి. సులువంతా అందులోనే ఉంది, ఇబ్బందీ అందులోనే ఉంది. అవే పట్టాల మీద రెండో ఇంజన్ పెట్టి చూడండి. మొదటిదాన్ని కదిలించాలని నాబ్ తిప్పితే రెండూ కదులుతాయి. స్టేషన్లో ఒక బండి ఆగి ఉండగా పక్క లైన్లో ఇంకొకటి దూసుకుపోవడం, యార్డులో ఒక ఇంజన్ షంటింగ్ చేస్తుండగా మరొకటి బండితో బయల్దేరడం వంటివి అసలు రైల్వేలో రోజూ చూసేవే. ఈ ఏర్పాటులో వాటిలో ఏదీ కుదరదు.

దీనికి మొదట దొరికిన విరుగుడు పట్టాలను ముక్కలు చేయడం. అక్కడక్కడా పట్టాలో చిన్న ఖాళీ వదిలి, మొత్తం మార్గాన్ని ఒకదానితో ఒకటి విద్యుత్ సంబంధం లేని బ్లాకులుగా విడగొడతారు. ఏ బ్లాకు ఏ కంట్రోలర్‌కు కలవాలో స్విచ్చులతో నిర్ణయిస్తారు. బండి ముందుకు సాగేకొద్దీ నడిపేవారు దానికంటే ఒక అడుగు ముందుగా స్విచ్చులు వేసుకుంటూ పోవాలి. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1946లో మొదలైన టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ ఈ పద్ధతిని ఎంత దూరం తీసుకెళ్లిందో తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ విద్యార్థులు టెలిఫోన్ ఎక్స్చేంజీల రిలేలు సంపాదించి, ఎవరికి కావలసిన బ్లాకును వారు ఎంచుకుని, ఒకే మార్గం మీద తలా ఒక రైలు నడుపుకునే యంత్రాంగం కట్టారు. కంప్యూటర్ ప్రోగ్రామింగ్‌లో తర్వాత పేరు తెచ్చుకున్న తొలితరం కుర్రాళ్లు పలువురు ఆ గదిలో రిలేలు కలుపుతూ తర్కం నేర్చుకున్నవారే. అయినా ఒక లోటు మాత్రం మిగిలింది. అక్కడ ఆజ్ఞ వెళ్లేది ఇంజన్‌కు కాదు, ఇంజన్ నిలబడి ఉన్న చోటుకు. ఒకే బ్లాకులోకి రెండు ఇంజన్లు చేరాయంటే కథ మళ్లీ మొదటికే వస్తుంది.

క్లబ్ మొదలైన ఆ 1946లోనే లయనెల్ అనే బొమ్మ రైళ్ల కంపెనీ ఇంకో దారి తొక్కింది. పట్టాల్లో పారే మామూలు కరెంటు మీదుగానే రేడియో పౌనఃపున్య సంకేతాలను పంపింది. ఇంజన్లోనూ కొన్ని వ్యాగన్లలోనూ చిన్న రిసీవర్లు పెట్టి, ఒక్కోదాన్ని ఒక్కో పౌనఃపున్యానికి శ్రుతి చేసింది. కంట్రోలర్ మీద రంగురంగుల మీటలుండేవి. ఫలానా రంగు నొక్కితే ఫలానా పెట్టే స్పందించేది. ఆ సెట్టు ఎక్కువ కాలం అమ్ముడుపోలేదు. 1960ల తొలినాళ్లలో జనరల్ ఎలక్ట్రిక్ ఆస్ట్రాక్ అనే పరికరంతో ఇదే ఆలోచనను ఐదు ఇంజన్ల దాకా తీసుకొచ్చింది. పౌనఃపున్యాలతో వచ్చే చిక్కు తేలిగ్గానే అర్థమవుతుంది. ఇంజన్లు పెరిగేకొద్దీ పౌనఃపున్యాలు ఒకదానికొకటి దగ్గరవుతాయి. వాటిని వేరు చేసి పట్టుకునే సర్క్యూట్లు ఖరీదవుతాయి, కాలం గడిచేకొద్దీ వాటి శ్రుతి తప్పుతుంది.

చివరికి నిలబడిన జవాబు నంబరు. మైక్రోప్రాసెసర్లు చవకయ్యాక, 1979లో బ్రిటన్‌లో హార్న్‌బీ కంపెనీ జీరో వన్ అనే వ్యవస్థను తెచ్చింది. అందులో 16 ఇంజన్లకు 16 నంబర్లు ఇవ్వవచ్చు. తర్వాత జర్మనీకి చెందిన బెర్న్డ్ లెంజ్ రూపొందించిన పద్ధతి ఆధారంగా అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో ఒక ఉమ్మడి ప్రమాణం తయారుచేసింది. దాని పేరు డిజిటల్ కమాండ్ కంట్రోల్, అభిరుచిదారులందరి నోటా డీసీసీ. ఏ కంపెనీ ఇంజన్ అయినా ఏ కంపెనీ కంట్రోలర్ మాటైనా వినగలగడం ఈ ప్రమాణం చేసిన గొప్ప మేలు.

డీసీసీలో పట్టాల మీద ఎప్పుడూ నిండు వోల్టేజి ఉంటుంది. ఇంజన్ ఆగి ఉన్నా సరే. కాకపోతే ఆ వోల్టేజి సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మార్చుకుంటూ ఉంటుంది, ఆ మార్పుల మధ్య ఎడంలోనే సందేశం దాగి ఉంటుంది. ఒక దిశలో 58 మైక్రోసెకన్లు, ఎదురు దిశలో 58 మైక్రోసెకన్లు ఉంటే అది ఒకటి. ఒక్కో దిశలో 100 మైక్రోసెకన్లు, అంతకు మించి ఉంటే అది సున్నా. ఇంజన్ లోపల గోరంత డీకోడర్ కూర్చుని ఉంటుంది. వచ్చే కరెంటును ఒకే దిశలోకి మళ్లించి మోటారుకు వాడుకుంటూనే, ఆ ఒకట్లనూ సున్నాలనూ చదువుతుంటుంది.

ఒక ఆజ్ఞను విప్పి చూద్దాం. 3వ నంబరు ఇంజన్‌ను ముందుకు, 28 మెట్ల వేగంలో 8వ మెట్టు మీద నడపాలి. మొదట వరుసగా కనీసం 14 ఒకట్లు వెళ్తాయి, కొత్త సందేశం వస్తోందని హెచ్చరించడానికి. తర్వాత చిరునామా 00000011, అంటే 3. ఆపైన ఆజ్ఞ 01110101. చివర సరిచూసుకునే అంకె 01110110. ఈ చివరిది ఎలా వచ్చిందో మీరే కాగితం మీద చూసుకోవచ్చు. చిరునామానూ ఆజ్ఞనూ ఒకదాని కింద ఒకటి రాసి, పైనా కిందా ఒకేలా ఉన్నచోట సున్నా, వేరుగా ఉన్నచోట ఒకటి వేస్తే ఇదే వస్తుంది. దారిలో ఒక్క బిట్టు చెడినా లెక్క కుదరదు. లెక్క కుదరని ఆజ్ఞను డీకోడర్ పక్కన పడేస్తుంది. ఇంత సందేశానికి పట్టేది సుమారు 6 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 150 దాకా ఆజ్ఞలు. పోయినదాన్ని వెతికి తెచ్చుకునే ఏర్పాటేదీ ఇందులో లేదు, అవసరమూ లేదు. ఆజ్ఞలు పంపే పెట్టె, అంటే కమాండ్ స్టేషన్, వాటినే అలుపు లేకుండా మళ్లీ మళ్లీ చదువుతూనే ఉంటుంది.

రైల్వే స్టేషన్ మైకులో ప్రకటన ప్లాట్‌ఫారం మీదున్న వాళ్లందరికీ వినపడుతుంది, ఆ బండి ఎక్కాల్సినవాళ్లే లేచి నిలబడతారు. డీసీసీ పట్టాల మీద జరిగేది అదే. ప్రతి ఇంజన్ ప్రతి ఆజ్ఞనూ వింటుంది, తన నంబరు ఉన్నదాన్ని మాత్రమే పాటిస్తుంది. ప్రమాణంలో రెండు ప్రత్యేక చిరునామాలున్నాయి. సున్నా అందరికీ చెందుతుంది. సున్నా చిరునామాతో ఆగు అంటే పట్టాల మీదున్న ఇంజన్లన్నీ ఆగుతాయి. 255 ఎవరికీ చెందదు. చెప్పడానికేమీ లేనప్పుడు కమాండ్ స్టేషన్ 255కు ఖాళీ సందేశాలు పంపుతూ ఉంటుంది. నిశ్శబ్దాన్ని తప్పించడానికే ఆ శ్రమంతా. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి రావాల్సి ఉంది.

ఇక రేడియో. వైర్‌లెస్ అని మోడల్ రైళ్లవాళ్లు చెప్పే మాట వెనక రెండు వేర్వేరు ఏర్పాట్లున్నాయి. మొదటిదానిలో చేతిలో పట్టుకునే కంట్రోలర్, అంటే థ్రాటిల్ నుంచి కమాండ్ స్టేషన్ దాకానే రేడియో. అక్కడి నుంచి ఇంజన్ దాకా ఆజ్ఞ పట్టాల మీదుగానే పోతుంది. జేఎంఆర్ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ ఒకటి పక్కన పెట్టుకుంటే చేతిలోని ఫోనే థ్రాటిల్ అవుతుంది. నడిపే మనిషి బండి వెంట నడవగలుగుతాడు, పాయింట్లు కళ్లారా చూసుకుంటాడు. హాయిగా ఉంటుంది. కానీ ఇంజన్‌కు మాత్రం ఏమీ మారలేదు. అది ఇంకా చక్రానికీ పట్టాకూ మధ్య ఆవగింజంత చోటు మీదే బతుకుతోంది. అక్కడ దుమ్మో, నూనె జిడ్డో, తుప్పు పొరో అడ్డుపడితే కరెంటూ ఆజ్ఞా రెండూ ఒకేసారి తెగుతాయి.

ఆరుబయట తోట రైళ్లలో ఇది నిత్యం పడే బాధ. జర్మనీలోని న్యూరెంబర్గ్ నుంచి 1968లో ఎల్‌జీబీ కంపెనీ 45 మిల్లీమీటర్ల గేజ్ మీద నడిచే పెద్ద మోడళ్లను మార్కెట్లోకి తెచ్చాక తోటల్లో రైళ్లు నడపడం బాగా పాకింది. మంచు కురుస్తుంది, ఆకులు రాలతాయి, వాన పడుతుంది. బండి తీసిన ప్రతిసారీ ముందు పట్టాలు తుడవాలి. అందుకే అక్కడివాళ్లు రెండో ఏర్పాటుకు మళ్లారు. బ్యాటరీని ఇంజన్లోనో, దాని వెనకే ఒక వ్యాగన్లోనో పెట్టి, రేడియో రిసీవర్‌ను నేరుగా ఇంజన్లో బిగించడం. నాలుగు లిథియం అయాన్ సెల్లు వరుసగా కలిపితే 14.8 వోల్టులు, పెద్ద మోడల్‌కు సరిపోతుంది. పట్టాలు ఇక దారి చూపడానికే. అవి ఇత్తడివైనా, అల్యూమినియంవైనా, ప్లాస్టిక్‌వైనా ఒకటే. ఒక మార్గం చుట్టు తిరిగి తనలోనే కలిసేచోట రెండు పట్టాలూ షార్ట్ అయ్యే తలనొప్పీ పోతుంది. ఎయిర్‌వైర్ వంటి వ్యవస్థలు చేసిన తెలివైన పని ఏమిటంటే, డీసీసీ సందేశాన్నే ఉన్నదున్నట్టు గాలిలోకి పంపడం. రిసీవర్ దాన్ని అందుకుని డీకోడర్‌కు ఇస్తుంది. అది పట్టాల నుంచి వచ్చిందో గాలిలోంచి వచ్చిందో డీకోడర్‌కు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. పాతికేళ్లలో పోగుపడిన డీకోడర్లన్నీ అలాగే పనికొచ్చాయి.

రేడియో బొమ్మలు ఒకప్పుడు 27 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేవి. ఆ తరంగదైర్ఘ్యం సుమారు 11 మీటర్లు. యాంటెనా బాగా పనిచేయాలంటే అందులో నాలుగోవంతు, అంటే రెండున్నర మీటర్ల పైచిలుకు ఉండాలి. 1:87 స్కేలు ఇంజన్ పొడవే ఓ జానెడు. 2.4 గిగాహెర్ట్జ్‌కు వచ్చేసరికి తరంగదైర్ఘ్యం పన్నెండున్నర సెంటీమీటర్లు, యాంటెనా మూడు సెంటీమీటర్లు చాలు. బ్లూటూత్, వైఫై కూడా అక్కడే ఉండటంతో చిప్పులు చవకగా దొరుకుతాయి. అదే చోట జనం కిక్కిరిసి ఉండటం దానికి చెల్లించే మూల్యం. బ్లూటూత్ తన తొలి రూపంలో 79 చానళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ ఆ రద్దీని తప్పించుకుంటుంది. గెంతే పౌనఃపున్యాల ఆలోచనకు 1942లో టార్పిడోల కోసం పేటెంట్ పొందిన ఇద్దరిలో ఒకరు హాలీవుడ్ నటి హెడీ లమార్. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఇత్తడి రేకుతో చేసిన ఇంజన్ తొడుగు రేడియో తరంగాలను లోపలికి రానివ్వదు. యాంటెనా కిటికీ దగ్గరో, ప్లాస్టిక్ భాగం కిందో ఉండాల్సిందే.

ఇప్పటిదాకా ఎన్ని ఇంజన్లున్నా దేని పని దానిదే. ఒకే బండికి రెండో మూడో కట్టినప్పుడు అసలు పరీక్ష వస్తుంది.

రెండు కట్టడం షోకు కోసమే కాదు. లోహపు పట్టా మీద లోహపు చక్రానికి ఉండే పట్టు చాలా తక్కువ. మోడల్ ఇంజన్ లాగగలిగేది దాని బరువులో సుమారు అయిదోవంతు నుంచి నాలుగోవంతు. 400 గ్రాముల ఇంజన్ 80 నుంచి 100 గ్రాముల బలంతో లాగగలదనుకుందాం. వందకు మూడు చొప్పున లేచే ఎత్తు మీద రెండు కిలోల బండికి ఒక్క ఎత్తు ఎక్కడానికే 60 గ్రాముల లాగుడు కావాలి. ఇరుసుల రాపిడి దానికి అదనం. చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరగడం అక్కడే మొదలవుతుంది. రెండో ఇంజన్ కడితే పట్టు రెట్టింపవుతుంది, అవి రెండూ ఒకే మాట మీద నడిస్తే.

అవి ఒకే మాట మీద నడవడం అంత సులువు కాదు. ఒకేలాంటి పెట్టెల్లో వచ్చిన ఒకే రకం ఇంజన్లు కూడా ఒకే మెట్టు మీద వేర్వేరు వేగాలతో నడుస్తాయి. ముందున్నది చురుకైతే వెనకదాన్ని ఈడ్చుకుపోతుంది, వెనకది చురుకైతే ముందుదాన్ని తోస్తుంది. అందుకే ముందుగా రెంటినీ విడివిడిగా ఒకే వృత్తం మీద తిప్పి, డీకోడర్‌లోని 28 మెట్ల వేగపట్టికలో ఒక్కో మెట్టునూ సరిచేస్తారు. ఓపిక ఉన్నవాళ్ల పని, చేసినవాళ్లకే దాని ఫలితం కనిపిస్తుంది. తర్వాత రెంటికీ ఒక ఉమ్మడి నంబరు ఇస్తారు, దాన్ని కాన్సిస్ట్ అంటారు. డీసీ కాలంలో దిశ పట్టాలకు సంబంధించినది. ఇంజన్ ముఖం ఎటున్నా రెండూ ఒకే వైపు నడిచేవి. డీసీసీలో ముందుకు అంటే ఆ ఇంజన్ ముఖం ఉన్నవైపుకు. ముక్కులు ఎదురెదురుగా కట్టిన రెంటికీ ముందుకు అని చెబితే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. డీకోడర్ జ్ఞాపకంలో ఉమ్మడి నంబరు దాచుకునే గడిలోనే, ఈ ఇంజన్ తిరగబడి ఉంది అని చెప్పే ఒక బిట్టు కూడా ఉండటానికి కారణం అదే.

తిరిగే మోటారు జనరేటర్‌లా తనూ కొంత వోల్టేజి పుట్టిస్తుంది. డీకోడర్ మోటారుకిచ్చే కరెంటును క్షణకాలం ఆపి ఆ వోల్టేజిని కొలిచి, వేగం తగ్గితే కరెంటు పెంచుతుంది. ఒంటరి ఇంజన్‌కు ఇది వరం, ఎత్తు మీద కూడా నడక నిలకడగా ఉంటుంది. జంటలో మాత్రం గొడవ తెస్తుంది. రెండు డీకోడర్లూ తమ వేగమే సరైనదని పట్టుబట్టి, ఒకటి లాగుతుంటే మరొకటి బిగపడుతుంది. జంట కట్టినప్పుడు ఈ దిద్దుబాటును తగ్గించడమో తీసేయడమో మంచిది. అసలు రైళ్లలో ఈ పేచీ ఇలా ఉండదు. అక్కడ డ్రైవరు ఇచ్చేది వేగం కాదు, శక్తి. డీజిల్ ఇంజన్ నాచ్‌లు లాగుడునే పంచుతాయి, కలిసి కట్టిన ఇంజన్ల వేగం బండిని బట్టి దానంతటదే కుదురుతుంది.

ఆజ్ఞను శక్తి నుంచి విడదీయాలన్న ఆలోచన కూడా అసలు రైల్వేలోనే ముందు పుట్టింది. 1897లో ఫ్రాంక్ స్ప్రేగ్ షికాగో ఎత్తు రైలు మార్గం కోసం ప్రతి పెట్టెకూ మోటార్లు బిగించి, అన్నిటినీ ఒక చోటి నుంచి సన్నని కంట్రోలు తీగలతో నడిపించాడు. మోటార్ల కరెంటు వేరు, వాటికి చెప్పే మాట వేరు. దాన్ని చూపించేటప్పుడు ఆరు పెట్టెల బండిని తన పదేళ్ల కొడుకు డెస్మండ్ చేత నడిపించాడట. పక్కపక్కన కట్టిన ఇంజన్లకు ఆ తీగ ఇవాళ్టికీ సరిపోతుంది. విశాఖపట్నం వైపు ఇనుప ఖనిజం దించే కొత్తవలస–కిరండూల్ మార్గంలో రెండు మూడు ఇంజన్లు కట్టిన గూడ్సులు అలాంటివే.

బండి కిలోమీటర్లు సాగితే తీగతో పని జరగదు. ఇంజన్లన్నీ ముందే ఉంటే మొత్తం భారం మొదటి కప్లింగ్ మీద పడుతుంది. మలుపులో బండి లోపలి వైపుకు గుంజుకుపోతుంది. బల్ల మీద ఇరుకు మలుపు తిరిగే పొడవాటి మోడల్ గూడ్సు కూడా ఇలాగే లోపలికి ఒరుగుతుంది, తేలిక వ్యాగన్ ముందు పడిపోతుంది. ఇంజన్లను మధ్యలోనూ చివరా పంచి కడితే ఆ భారం పంచుకుంటాయి. వాటిని ముందున్న ఒక్కరే రేడియోతో నడపాలి. లోకోట్రోల్ అనే వ్యవస్థ అమెరికాలో 1960లలో ఇందుకే వచ్చింది. 2001 జూన్ 21న పశ్చిమ ఆస్ట్రేలియాలో బీహెచ్‌పీ కంపెనీ 8 ఇంజన్లు, 682 వ్యాగన్లతో 7.35 కిలోమీటర్ల ఇనుప ఖనిజం బండిని లోకోట్రోల్‌తో ఒకే డ్రైవరు చేత నడిపించింది. మన దగ్గర దక్షిణ మధ్య రైల్వే 2021 అక్టోబరులో త్రిశూల్, గరుడ అని రెండు పొడవాటి గూడ్సులు నడిపింది. ఒక్కోటీ మూడు బండ్లకు సమానం, 177 వ్యాగన్లు. త్రిశూల్ బయల్దేరింది బొమ్మల ఊరు కొండపల్లి నుంచి, గరుడ రాయచూరు నుంచి మణుగూరుకు. 2022 ఆగస్టు 15న ఆగ్నేయ మధ్య రైల్వే నడిపిన సూపర్ వాసుకికి ఆరు ఇంజన్లు, 295 వ్యాగన్లు, పొడవు మూడున్నర కిలోమీటర్లు. దూరంగా ఉన్న ఇంజన్లను రేడియోతో నడిపే ఏర్పాటును మన రైల్వేలో డిస్ట్రిబ్యూటెడ్ పవర్ వైర్‌లెస్ కంట్రోల్ సిస్టమ్ అంటారు.

మూడున్నర కిలోమీటర్లు దాటడానికి రేడియో తరంగానికి 12 మైక్రోసెకన్లు పడుతుంది. బ్రేకులు వేసేది బండి పొడవునా సాగే బ్రేకు పైపు. అందులోని గాలి ఒత్తిడి తగ్గుదల ధ్వని వేగాన్ని మించి పోలేదు కాబట్టి, అంత దూరానికి కనీసం పది సెకన్లు కావాలి. ఆ పది సెకన్లలో ముందు వ్యాగన్లు బ్రేకు పట్టుకుని ఉంటే వెనకవి తోసుకొస్తుంటాయి. మధ్యనున్న ఇంజన్ రేడియోలో ఆజ్ఞ అందుకుని తన దగ్గర కూడా గాలి వదిలితే బ్రేకు రెండు మూడు చోట్ల ఒకేసారి మొదలవుతుంది. వైర్‌లెస్ ఇచ్చే అతిపెద్ద లాభం నా లెక్కలో లాగుడు కాదు, ఈ ఆపడమే.

మరి ఆ రేడియో తెగితే? బండి లోయలోనో సొరంగంలోనో ఉండొచ్చు. స్విట్జర్లాండ్‌లో 2022 అక్టోబరులో రేషియన్ రైల్వే వంద పెట్టెలతో, 1.9 కిలోమీటర్ల ప్రయాణికుల రైలును అల్బులా మార్గంలో ఏడుగురు డ్రైవర్లతో నడిపింది. ముందు చేసిన పరీక్షలో సొరంగాల్లో వాళ్ల రేడియోలూ మొబైళ్లూ పలకలేదు. చివరికి బండి పొడవునా తీగ లాగి ఫీల్డ్ టెలిఫోన్లు పెట్టుకున్నారు. గూడ్సు బండికి అలాంటి రెండో దూత పుట్టుకతోనే ఉంది, అదే బ్రేకు పైపు. రేడియో తెగినప్పుడు డ్రైవరు బ్రేకు వేస్తే, పైపులో ఒత్తిడి తగ్గడాన్ని దూరంలోని ఇంజన్ పసిగడుతుంది. అదే ఆజ్ఞగా తీసుకుని లాగడం మానేస్తుంది.

మోడల్ ఇంజన్‌కు ఆ పైపు లేదు. దానికున్నది గడియారం ఒక్కటే. డీసీసీ డీకోడర్‌లో 11వ నంబరు గడి ఇందుకే ఉంది. సరైన సందేశమేదీ రాకుండా ఎంతసేపు పాత వేగంతో నడవవచ్చో అందులో రాసి ఉంటుంది. ఆ గడువు దాటితే ఇంజన్ ఆగాలి. 255కు పంపే ఖాళీ సందేశాల విలువ ఇక్కడ తెలుస్తుంది. ఎవరికీ చెందని ఆ మాట వినపడుతున్నంతసేపూ తన యజమాని ఉన్నట్టే అని డీకోడర్ లెక్క. దీన్ని సరిచూడకుండా వదిలేస్తే ఒక్కోసారి విపరీతం జరుగుతుంది. పట్టాల మీద సందేశాలు పోయి వోల్టేజి మాత్రం మిగిలితే, కొన్ని డీకోడర్లు తాము పాతకాలపు డీసీ మార్గం మీద ఉన్నామనుకుని నిండు వేగంతో పరుగు తీస్తాయి. అనుభవజ్ఞులు ఆ డీసీ సదుపాయాన్ని ముందే తీసేస్తారు.

బ్యాటరీ ఇంజన్లో ఇంకో కష్టం. ఇదివరకు ఏ ప్రమాదమొచ్చినా గోడ మీద స్విచ్చు తీసేస్తే అన్నీ ఆగేవి. ఇప్పుడా స్విచ్చు లేదు. అలాగని సంకేతం తెగగానే ఆగిపోవడమూ ఎప్పుడూ సరికాదు. తోటలో రాళ్ల సొరంగం మధ్యలో సంకేతం పోయి బండి అక్కడే ఆగితే చెయ్యి దూరదు. అది నడుచుకుంటూ బయటికి వస్తేనే మళ్లీ పిలుపు అందుకుంటుంది. అందుకే ఇలాంటి రిసీవర్లలో, సంకేతం పోతే ఆగాలా సాగాలా అన్నది యజమానే ఎంచుకునే వీలుంటుంది. సొరంగం ఉన్నచోట సాగడం, మెట్ల అంచునో చెరువు గట్టునో పట్టాలు పోయేచోట ఆగడం ఎంచుకోవాలి. జంట ఇంజన్లలో మాత్రం ఏది ఎంచినా రెంటికీ ఒకటే ఉండాలి. ముందుది ఆగి, మధ్యలోది సాగుతుంటే వాటి నడుమనున్న వ్యాగన్లు పట్టాలు తప్పి బయటికి ఎగురుతాయి. కొత్తగా కట్టిన జంటను వ్యాగన్లు తగిలించకుండా తిన్నని దారి మీద నెమ్మదిగా నడిపించి, చేతిలోని ట్రాన్స్‌మిటర్‌ను ఆపేసి చూడండి. రెండూ ఒకే క్షణంలో ఆగాయా, కప్లింగ్ బిగిసిందా సడలిందా గమనించండి. బిగిసి ఉంటే వెనకది ముందుగా ఆగినట్టు, సడలి ముందుకు నెట్టుకుంటే ముందుదే ముందు ఆగినట్టు. ఆ తేడాను సరిచేశాకే వ్యాగన్లు తగిలించండి.